పన్నెండు కణుపుల లెక్క

బెంగుళూరు యలహంక పాత ఊళ్ళో పూలమ్మే మునిలక్ష్మిని కూతురి సంగతి అడిగితే, ముందు పూలబుట్ట మీద తడిగుడ్డ కప్పుతుంది. ఇక మాట ఇప్పట్లో తెగదని దాని అర్థం. "మా భవ్య లెక్కల టీచరప్పా," అని మొదలుపెడుతుంది. "చెవులు వినబడని బిడ్డలకు లెక్కలు చెప్తాది. దానికీ వినబడదు." ఈ రెండు మాటలనూ ఒకే గొంతుతో, ఒకే గర్వంతో చెబుతుంది.

ఆ గొంతు మొదటినుంచీ అట్లా లేదు.

మునిలక్ష్మి దేవనహళ్ళి పక్కన సేవంతి తోటల మధ్య పుట్టింది. నాలుగో తరగతి దాకా కన్నడ బడిలో చదివింది. పెళ్ళయ్యాక నగరం ఇంకో కొసన మడివాళకు వచ్చింది. భర్త నాగరాజ్ లగేజీ ఆటో తోలుతాడు. మార్కెట్ వెనక సందులో చిన్న ఇల్లు, ఇంట్లో అత్త కెంపమ్మ. పొద్దున్నే పూలు దింపుకోవడం, కట్టడం, గుమ్మం పక్కనే పీట వేసుకుని అమ్మడం. ఆ పనిలోనే భవ్య పుట్టింది, ఆ పూల మధ్యే దోగాడింది.

బిడ్డకు వినబడదని ముందు కనిపెట్టింది కెంపమ్మే. దీపావళినాడు సందంతా పటాకులు పేలుతుంటే రెండేళ్ళ పిల్ల కదలకుండా నిద్రపోయింది. ముసలామె చాలాసేపు మనవరాలి ముఖం చూసి, "లక్ష్మీ, రేపు దీన్ని ఆసుపత్రికి తీసకపోదాం," అంది. పరీక్షలయ్యాయి. పుట్టుకతోనే వినికిడి లేదన్నారు. చెవికి మిషను పెట్టించారు. భవ్య దాన్ని పెట్టుకున్న ప్రతిసారీ తల విదిలించి, తీసి పూలబుట్టలో దాచిపెట్టేది.

ఆరేళ్ళు రాగానే దగ్గర్లోని ఒక బడిలో వేశారు. ఏడాది గడవకుండానే అక్కడి టీచరు మునిలక్ష్మిని పిలిపించింది. కసురుకోలేదు, బాధపడుతూనే చెప్పింది.

"అంకెలు చూసి రాస్తాది అమ్మా. తొమ్మిది దాకా ఏ అంకెకు ఎన్నో కూడా తెలుసు. కానీ పిల్లలంతా ఒకటి, రెండు, మూడు అని వరసగా చెప్తా ఉంటే ఈమె సుమ్నే, ఊరికే పెదవులు ఆడిస్తాది. నోటితో అనలేని బిడ్డకు లెక్క ఎట్లా వస్తాది? ఇట్లాంటోళ్ళకు వేరే బడులు ఉండాయంట, చూడండి."

మునిలక్ష్మికి అది నిజమే అనిపించింది. తను పూలు లెక్కపెట్టేటప్పుడు తన పెదవులూ కదులుతాయి. మాట లేనిచోట లెక్క ఎట్లా నిలుస్తుందో ఆమెకూ తెలియలేదు. బిడ్డను ఇంటికి తెచ్చుకుంది.

ఆ శ్రావణమాసంలో, వరమహాలక్ష్మి పండగ ముందురోజు, ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళు యాభై తామరపూలు కావాలన్నారు. మార్కెట్టంతా తిరనాళ్ళలా ఉంది. మునిలక్ష్మి తామరలు నీళ్ళ బకెట్‌లోంచి తీసి గోనెపట్టా మీద పరుస్తూ లెక్కపెడుతోంది. మధ్యలో ఎవరో మల్లె మూర అడిగారు, ఇంకెవరో చిల్లర అడిగారు. రెండుసార్లు లెక్క తప్పింది. మూడోసారీ తప్పేసరికి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

భవ్య పట్టా పక్కనే గొంతుకూర్చుని ఉంది. తల్లి కొంగు లాగి, రెండు చేతులూ ముందుకు చాపింది. ఎడమచేతిలో నాలుగు వేళ్ళు మడిచి ఉన్నాయి. కుడిచేతిలో బొటనవేలు చూపుడువేలి రెండో కణుపు మీద ఆనించి ఉంది.

"ఏమే? ఆకలా?" అని తల్లి సైగ చేసింది.

పిల్ల తల అడ్డంగా ఊపింది. తామరలను చూపించి మళ్ళీ చేతులు చాపింది.

గుమ్మంలో కూర్చున్న కెంపమ్మ లేచి వచ్చింది. రోజూ స్నానం చేసి జపం చేసుకునే మనిషి. ఆమె దగ్గర జపమాల లేదు. కుడిచేతి నాలుగు వేళ్ళకు ఉన్న పన్నెండు కణుపుల మీద బొటనవేలు జరుపుతూ ఒక చుట్టు తిప్పడం, చుట్టు ముగిస్తే ఎడమచేతిలో ఒక గుర్తు పెట్టుకోవడం. అట్లా తొమ్మిది చుట్లయితే నూట ఎనిమిది. అది ఆమెకు వాళ్ళమ్మ నేర్పిన లెక్క. మనవరాలు పక్కన కూర్చుని ఆ బొటనవేలినే చూస్తూ ఉండేది. చూస్తోందనే అనుకున్నారు గానీ, నేర్చుకుంటోందని ఎవరికీ తోచలేదు.

కెంపమ్మ పిల్ల ఎడమచేతి వేళ్ళను ఒక్కొక్కటే తడిమింది. "పన్నెండు... ఇరవై నాలుగు... ముప్పై ఆరు... నలభై ఎనిమిది," అంది. కుడిచెయ్యి చూసింది. "ఆపైన రెండు. లక్ష్మీ, యాభై ఉండాయంటాది నీ కూతురు. లెక్కపెట్టి చూడు."

మునిలక్ష్మి పక్కవాళ్ళెవరినీ పలకనీయకుండా మళ్ళీ లెక్కపెట్టింది. సరిగ్గా యాభై.

"యాడ నేర్చుకున్నాదత్తా ఇది?"

"నా చేతిలో," అంది కెంపమ్మ. "దేవుణ్ణి పిలిచేదాన్ని నేను. ఇది లెక్క ఎత్తుకోని పోయింది."

ఆరోజు అంత రద్దీలోనూ మునిలక్ష్మి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని ముద్దు పెట్టుకుంది. అప్పటిదాకా ఆమె బిడ్డను చూసి దిగులుపడింది, జాలిపడింది. బిడ్డ తనకు తెలియనిది ఒకటి తెలుసుకుందని సంతోషపడటం అదే మొదటిసారి.

పండగ వెళ్ళిన వారమే నాగరాజ్ ఆటోలో ముగ్గురూ యలహంకలోని బధిరుల బడికి వెళ్ళారు. అక్కడ లెక్కలు చెప్పేది జరీనా. ఆమెకూ వినబడదు. చేతులతోనే పాఠం, చేతులతోనే జోకు, చేతులతోనే కోపం. వినబడే తల్లిదండ్రులకూ ఆమెకూ మధ్య మాట కలపడానికి ఆశ అనే ఇంకో టీచరు ఉండేది. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి.

మొదటి నెలలోనే తిరకాసు వచ్చింది. ఆశ పరీక్ష పెట్టింది. బల్ల మీద చింతగింజలు పోసి ఎన్నో రాయమంది. నలభై ఒక్క గింజలకు భవ్య 35 అని రాసింది. ముప్పైకి 26. పంతొమ్మిదికి 17. తొమ్మిది లోపు ఉన్నవన్నీ ఒప్పు, పై లెక్కలన్నీ తప్పు. ఆశ ఎర్రపెన్నుతో అడ్డగీతలు కొట్టి మునిలక్ష్మిని పిలిచింది.

"ఆంటీ, టెన్ లోపు పర్ఫెక్ట్‌గా చేస్తోంది. తర్వాతే కన్‌ఫ్యూజ్ అవుతోంది. ఇంట్లో ఎవరైనా వేరేగా నేర్పుతున్నారా?"

"ఎవరు నేర్పుతారమ్మా? అదే చూసి నేర్చుకున్నాది," అంది మునిలక్ష్మి. తన చేతి కణుపుల మీద బొటనవేలు జరిపి చూపించింది.

పక్కన నిలబడ్డ జరీనా కళ్ళు ఆ వేళ్ళ మీదే ఆగిపోయాయి. ఎర్రగీతలు కొట్టిన కాగితం లాక్కుంది. 35ను చూసింది, తన వేళ్ళను చూసుకుంది. మూడు పన్నెండ్లు, ఆపైన అయిదు. నలభై ఒకటి! రెండు పన్నెండ్లు, ఆపైన ఆరు. ముప్పై! ఆమె బల్ల మీద అరచేత్తో టపటపా కొట్టి, ఆశ భుజం పట్టుకుని కుదిపి, వరసగా సైగలు చేయడం మొదలుపెట్టింది. ఆశ అందుకోలేక, "ఆగు, ఆగు, స్లోగా!" అని సైగ చేస్తూ పైకే అనేసింది. తర్వాత ఆమె ముఖం కూడా వెలిగిపోయింది.

"ఆంటీ, తప్పు నాదే. అన్నీ కరెక్టే. మనం పదులుగా కట్టలు కడతాం. మీ పాప పన్నెండ్లుగా కడుతోంది. ముందు కట్టలెన్నో రాస్తోంది, పక్కన మిగిలినవెన్నో రాస్తోంది. అంకెను ఏ చోట పెడితే ఆ చోటును బట్టి దాని విలువ. అది ఎవరూ చెప్పకుండానే పట్టేసింది."

జరీనా ఊరుకోలేదు. పది గింజలు పెట్టింది. భవ్య ఒక మొగ్గ బొమ్మ గీసింది. పదకొండు పెడితే విచ్చుకున్న పువ్వు గీసింది. కణుపుల మీద పన్నెండు దాకా పోవాలంటే తొమ్మిది తర్వాత ఇంకా రెండు గుర్తులు కావాలి కదా, అవి తనే చేసుకుంది. తర్వాత జరీనా ఇరవై నాలుగు గింజలు పెట్టింది. భవ్య 2 వేసి, పక్కన కాస్త ఖాళీ వదిలి ఆగిపోయింది. దాన్ని చూస్తే ఎవరికైనా ఉత్త రెండనే అనిపిస్తుంది. ఆ చిక్కు భవ్యకూ తెలుసు. పెన్సిల్ కొన కొరుకుతూ ఆ ఖాళీనే చూస్తూ కూర్చుంది.

జరీనా కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. బల్ల మీద తెల్లకాగితం పరిచి బొమ్మలు గీస్తూ, సైగలు చేస్తూ ఒక పెద్ద కథ చెప్పింది. ఆశ ఆ కథను మునిలక్ష్మికి మాటల్లో చెప్పింది.

ఎన్నో వేల ఏళ్ళ కిందట మనుషులు ఎముకల మీద గాట్లు పెట్టుకునేవాళ్ళు. ఒక గొర్రెకు ఒక రాయి చొప్పున పోగేసుకునేవాళ్ళు. కొందరు వేళ్ళతో మొదలుపెట్టి మణికట్టు, మోచెయ్యి, భుజం దాకా ఒంటిమీదే లెక్కించేవాళ్ళు. సముద్రాల అవతల కొండల్లో ఉండేవాళ్ళు తాళ్ళకు ముడులు వేసి రాజ్యం లెక్కలన్నీ అందులోనే దాచారు. రెండు నదుల మధ్య దేశంలో మట్టిపలకల మీద పుల్లతో గుచ్చి రాసేవాళ్ళు, వాళ్ళ లెక్క అరవైలతో నడిచేది. ఈరోజుకీ మన గంటకు అరవై నిమిషాలు ఉండటానికి మూలం వాళ్ళే. అరవయ్యే ఎందుకో ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఒక చేతి పన్నెండు కణుపులు, రెండో చేతి అయిదు వేళ్ళు కలిసి వచ్చిన లెక్క కావచ్చునని కొందరి ఊహ.

"మా అత్త జపం లాగానా?" అంది మునిలక్ష్మి.

"అచ్చం అలాగే ఆంటీ. ఇంకో సంగతి. ఆ మట్టిపలకల వాళ్ళు కూడా ఏమీ లేని చోట ఖాళీ వదిలేవాళ్ళు. చదివేవాడికి తికమక. ఇప్పుడు భవ్య పడుతున్న అవస్థే. చాలా కాలానికి గానీ అక్కడ ఒక గుర్తు పెట్టాలని తోచలేదు. ఆ లేనిదాన్ని కూడా ఒక అంకెగా చూసి, మిగతా అంకెలతో సమానంగా కూడికలు తీసివేతలు నేర్పింది మన దేశంలోనే. ఆ అంకెలనే అరబ్బులు నేర్చుకుని పడమటి దేశాలకు అందించారు."

జరీనా కాగితం మీద 2 పక్కన ఖాళీని వేలితో చూపించి, ఏం పెడదామన్నట్టు కనుబొమలెగరేసింది. భవ్య తన కుడిచేతిని చూసుకుంది. చుట్టు ముగిశాక, కొత్త చుట్టు మొదలవకముందు అవ్వ బొటనవేలు ఏ కణుపు మీదా ఉండదు. భవ్య కూడా బొటనవేలిని కణుపుల మీంచి ఎత్తి గాలిలో ఉంచింది. చేతిలో గుండ్రంగా సందు మిగిలింది. ఆ సందులోంచి జరీనాను చూసి నవ్వింది. పెన్సిల్ తీసుకుని, ఖాళీలో ఒక గుండ్రటి గుర్తు పెట్టింది.

బడిలో ఇంతకుముందు చూసిన సున్నాయే అది. కానీ అప్పటిదాకా అది వట్టి బొమ్మ. ఆరోజు దానికి పని దొరికింది.

అయితే లోకమంతా పదుల మీద నడుస్తుంది. పన్నెండు వదిలి పదికి రావడానికి భవ్య మొండికేసింది. కాగితాలు చింపింది, రెండ్రోజులు అన్నం దగ్గర అలిగింది. జరీనా బలవంతపెట్టలేదు. రెండు భాషలు మాట్లాడే ఇంట్లో పుట్టినవాళ్ళు రెండూ నేర్చుకోవడం లేదా, నువ్వు రెండు లెక్కలు నేర్చుకో అంది. ఎడమవైపు పన్నెండ్లలో, కుడివైపు పదుల్లో, ఒకే లెక్కను రెండు విధాలా రాయించింది. దసరా సెలవులనాటికి భవ్యకు అదొక ఆట అయిపోయింది.

మడివాళ నుంచి యలహంకకు రోజూ రెండు బస్సులు మారాలి. ఆరు నెలలు చూశాక నాగరాజే అన్నాడు.

"ఇల్లు మార్చేద్దాం. నాకు లగేజీ యాడైనా దొరుకుతాది. నీకు పూలు దేవనహళ్ళి నించి ఇంకా దగ్గర."

"ఇక్కడ నా గిరాకీలంతా..." అంది మునిలక్ష్మి.

"గిరాకీలు మళ్ళా వస్తారు లేవే. ఆ టీచరమ్మ మళ్ళా దొరకదు."

కెంపమ్మ అప్పటికే గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టింది.

కొత్తచోట మునిలక్ష్మికి ఇంకో చదువు మొదలైంది. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక బడికెళ్ళి తల్లుల వరసలో కూర్చుని సైగల భాష నేర్చుకునేది. పూలు కట్టే వేళ్ళు కాబట్టి ఆమెకు తొందరగా పట్టుబడింది. కూతురితో "తిను, రా, పడుకో" దాటి మాట్లాడటం వచ్చాక ఆమెకు తెలిసింది, తన ఇంట్లో ఇంత వాగుడుకాయ పుట్టిందని. భవ్య ఆపకుండా చెప్పేది. తెలుగు అంకెలు, కన్నడ అంకెలు పక్కపక్కన పెట్టి చూపించి, ఇవి అక్కచెల్లెళ్ళమ్మా, ఒకే ఇంట్లో పుట్టాయి, మన రెండు, వాళ్ళ రెండు ఎట్లా ఒకే పోలికగా వంగాయో చూడు అనేది. కెంపమ్మ చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఆ కణుపుల మీద తనే బొటనవేలు జరిపి జపం పూర్తిచేయించేది. ముసలామె సంతృప్తిగా పోయింది.

భవ్య డిగ్రీ చదివింది, టీచరు శిక్షణ పూర్తి చేసింది. తను చదివిన బడిలోనే జరీనా పక్కన లెక్కల టీచరుగా చేరింది.

మొన్న ఫిబ్రవరిలో కబ్బన్ పార్కు దగ్గర ఒక హాల్లో లెక్కల టీచర్లు కొందరు కలిసి 'అంకెల కథ' అని ప్రదర్శన పెట్టారు. దాంట్లో భవ్యను మాట్లాడమని పిలిచారు. మాట్లాడమంటే సైగల్లో. దాన్ని పైకి వినిపించడానికి ఎవరు కావాలని అడిగితే, ఆమె సంకోచించకుండా తల్లి పేరు చెప్పింది.

మునిలక్ష్మికి వారం రోజులు అన్నం సయించలేదు. "నేను పూలమ్మేదాన్ని, అంతమంది ముందర ఏం చెప్తాను? ఆశమ్మ ఉండాది కదా!" అని గింజుకుంది. భవ్య ఆమె ముఖాన్ని తనవైపు తిప్పుకుని, నెమ్మదిగా సైగ చేసింది. ఆశ టీచరుకు నా మాటలు తెలుసు. నీకు నేను తెలుసు.

హాలు నిండింది. వేదిక మీద భవ్య పసుపు చుడీదారులో, కాస్త పక్కగా మైకు ముందు మునిలక్ష్మి కొత్త చీరలో. ముందు వరసలో బడిపిల్లలతో జరీనా, చివరి వరసలో నాగరాజ్, పక్కన ఆశ. భవ్య చేతులు కదిలాయి. మునిలక్ష్మి మైకును కాస్త దగ్గరికి లాక్కుంది. ఒకసారి తెలుగులో, ఒకసారి కన్నడలో, గాట్లు పెట్టిన ఎముక నుంచి సున్నా దాకా కథ చెప్పుకొచ్చింది. నడుమ నడుమ తన మాటలే దొర్లాయి. "ఈ తాడు చూడండప్పా, ముడి ఎంత కిందికి ఉంటే అంత చిన్న లెక్క, పైకి పోయేకొద్దీ పెద్ద లెక్క," అంటుంటే జనం ముందుకు వంగి విన్నారు.

రిటైరైన ఇంజనీరు ఆదినారాయణప్ప లేచి అడిగాడు. "ఒక అనుమానమమ్మా. నేను లెక్కపెడితే మనసులో మాట వినబడతాది, ఒకటి, రెండు అని. మాటే లేకుండా లెక్క ఎట్లా నిలుస్తాది?"

ఒకప్పుడు బడి టీచరు అడిగిన ప్రశ్నే అది. మునిలక్ష్మి దాన్ని చేతులతో కూతురికి అందించింది. భవ్య కళ్ళు మెరిశాయి. జరీనాను వేదిక మీదికి పిలిచి, ఆమె చేతికి ఎర్రజెండా ఇచ్చింది.

"అందరూ వారాల పేర్లు గట్టిగా చెప్పండి, ఆపకుండా," అని మునిలక్ష్మి వినిపించింది. "చెప్తానే, టీచరమ్మ జెండా ఎన్నిసార్లు ఎత్తుతాదో లెక్కపెట్టండి."

హాలంతా "ఆదివారం, సోమవారం" అని మోగిపోయింది. జెండా పైకీ కిందికీ ఆడింది. ఆపి అడిగితే ఎవరికీ లెక్క కుదరలేదు. పద్నాలుగని ఒకరు, ఇరవై అని ఒకరు. నవ్వులు.

"ఇప్పుడు మళ్ళా వారాలు చెప్పండి. కానీ ఈసారి లెక్క నోటికి వద్దు, వేళ్ళకివ్వండి." భవ్య బొటనవేలిని కణుపుల మీద జరిపి చూపించింది. మళ్ళీ వారాలు, మళ్ళీ జెండా. ఆపాక ఆదినారాయణప్ప తన వేళ్ళను చూసుకుంటూ, "ఒక చుట్టు, ఆపైన అయిదు," అన్నాడు. చుట్టూ చాలామంది అదే అన్నారు. ఆయన ముఖం చిన్నపిల్లవాడిలా విప్పారింది. "పదిహేడు! నోరు వారాలు చెప్తానే ఉండాది, లెక్క చేతిలో నిలిచింది!" అని చెయ్యి పైకెత్తి పక్కవాళ్ళకు చూపించాడు.

వినబడనివాళ్ళు చప్పట్లు కొట్టేది రెండు చేతులూ ఎత్తి గాలిలో ఆడించి. జరీనా మొదలుపెట్టింది, ముందు వరసలోని బడిపిల్లలు అందుకున్నారు, కాసేపటికి హాలంతా చేతులే. మునిలక్ష్మి మైకు ముందు నిలబడి ఆ చేతులను చూసింది. కూతురి వైపు తిరిగి, తనూ చేతులెత్తి ఆడించింది.

జనం పలచబడ్డాక కోలారు నుంచి వచ్చిన దంపతులు భవ్య దగ్గరికొచ్చారు. ఇద్దరికీ వినబడదు. చంకలో ఏడాది పాప. ఈమె ఎవరని వాళ్ళు మునిలక్ష్మిని చూపించి అడిగారు. వినబడనివాళ్ళు ఒకరినొకరు అక్షరాలతో పిలుచుకోరు, మనిషికో సైగ పేరు పెట్టుకుంటారు. భవ్య ఎడమచేతి రెండు వేళ్ళు నిలబెట్టి, వాటి చుట్టూ కుడిచేత్తో దారం తిప్పి పూలు కట్టే ముడి బిగించినట్టు చేసింది. తర్వాత తన గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అది నేనా?" అని మునిలక్ష్మి సైగ చేసింది. "ఎప్పటినుంచి?"

చిన్నప్పటినుంచీ అంది భవ్య. బడిలో అందరూ నిన్ను అట్లాగే అంటారు, నీకు తెలియదా?

మునిలక్ష్మి ఆ పేరును ఒకసారి తన వేళ్ళతో చేసి చూసుకుంది. ఆ కోలారు తల్లి కూడా చేసి, సరిగ్గా వచ్చిందా అన్నట్టు చూసింది. మునిలక్ష్మి ఆమె వేలిని కాస్త సరిచేసి, చంకలోని పాపను ఎత్తుకుంది. చివరి వరసలోంచి నాగరాజ్ లేచి, ఎదురొచ్చిన వాళ్ళందరితో, "ఆ మాట్లాడిందీ మావాళ్ళే, ఆ వినిపించిందీ మావాళ్ళే," అని చెప్పుకుంటూ వేదిక వైపు నడిచొస్తున్నాడు.